గుల్ల కడుపు నిండితే ఏరు తేటపడుతుందా?

నా దగ్గర బీఎస్సీ చదివిన కుర్రాడొకడు ఇప్పుడు తాళ్లరేవు వైపు వనామి రొయ్యల చెరువులు చేస్తున్నాడు. కుర్రాడు అంటున్నాను గానీ, వాడి కూతురికే సంబంధాలు చూస్తున్నారు. మొన్నొక రాత్రి ఫోన్ చేశాడు.

"మేడమ్ గారూ, ఒక వీడియో పంపానండి, చూశారా? రెండు గాజు తొట్లు పక్కపక్కన పెట్టారండి. రెండింట్లోనూ పచ్చటి మురికి నీళ్లే. ఒక దాంట్లో ఆల్చిప్పలు వేశారు. రెండు మూడు గంటల్లో ఆ తొట్టెలో నీళ్లు తాగొచ్చన్నంత తేటగా అయిపోయాయండి. మన చెరువు నీళ్లు వదిలే బోదెలో కూడా గుల్లలు వేసేస్తే గొడవ వదిలిపోద్ది కదండీ?"

వీడియో బూటకం కాదు. అలాంటి తొట్లు నేనూ ప్రతి ఏడూ మా ల్యాబ్‌లో పిల్లలకి పెట్టి చూపించేదాన్ని. అయినా వాడి ప్రశ్నకి "అవును నాయనా" అనలేకపోయాను. "కాదు" అనీ అనలేకపోయాను. ఫోన్లో తేలే సంగతి కాదిది, ఆ మాటే చెప్పి పెట్టేశాను. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి ఒక ప్రశ్న సగంలో ఆగిపోతే నిద్ర పట్టదు.

గుల్ల అని మనం ఊరికే అనేస్తాం గానీ, అందులో చాలా రకాలున్నాయి. గోదావరి కాలువల అడుగున బురదలో దొరికే నల్లటి ఆల్చిప్ప ఒకటి. ఉప్పుటేళ్లలో రాళ్లకీ, వంతెన స్తంభాలకీ, మడ చెట్ల వేళ్లకీ అతుక్కుని పెరిగే, అంచులు కోసుకుపోయే ఆల్చిప్ప ఇంకొకటి. కాకినాడ తీరానికీ హోప్ ఐలాండ్‌కీ నడుమ ఉన్న అఖాతంలో అయితే పళ్లెంలా పల్చగా, వెలుతురు అవతలికి కనిపించే చిప్పలున్నాయి. గోవాలో పాత ఇళ్ల కిటికీలకి అద్దాల బదులు వేసింది ఈ జాతినే. అదే అఖాతంలో గీతలు గీతలుగా ఉబ్బెత్తు చిప్పలుండే బుడిత గుల్లలూ ఉన్నాయి. వాటిని తెరిస్తే ఎర్రగా నెత్తురు కారుతుంది. గుల్లల్లో చాలా వాటి రక్తానికి రంగుండదు. దీనికి మాత్రం మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంది. ఆక్సిజన్ అంతంతమాత్రంగా ఉండే బురదలో బతకాలంటే అది అవసరం మరి. వీటన్నిటికీ చిప్పలు రెండు, తల లేదు, పళ్లు లేవు, వేటాడే పని లేదు. ఉన్న చోటు కదలకుండా నీళ్లు లోపలికి లాక్కుని, అందులో ఉన్నది తిని, నీళ్లు బయటికి వదిలేస్తాయి.

ఆ లాక్కోవడం ఎలాగో కళ్లారా చూడాలంటే ఖరీదైన సామాను అక్కర్లేదు. మా ల్యాబ్ అటెండరు తెల్లవారుజామునే కాలువలో దిగి, కాళ్లతో బురద తడిమి, బకెట్‌తో ఆల్చిప్పలు పట్టుకొచ్చేవాడు. చిప్పల సందులోంచి కత్తి దూర్చి ముందొక కండరం, వెనకొక కండరం కోస్తే చాలు, చిప్పలు వాటంతటవే తెరుచుకుంటాయి. తెరిచి ఉండటానికి దానికి కష్టం లేదు, మూసి ఉండటానికే బలం కావాలి. లోపల రెండు వైపులా పల్చటి పొరలు వేలాడుతుంటాయి. అవి మొప్పలు. అందులోంచి గోరంత ముక్క కత్తిరించి, స్లైడు మీద నీటి చుక్కలో పెట్టి, మైక్రోస్కోపు కింద చూడమనేదాన్ని.

ముందు నిలువు గీతలు కనబడతాయి. ఫోకస్ సరిచేసుకుంటే ఆ గీతల అంచులు మిలమిల కదులుతున్నట్టుంటాయి. అవి శైలికలు, అంటే కంటికి ఆనని సన్నటి నూగు. ఒకదాని వెంట ఒకటి, వరస తప్పకుండా, కొడుతూనే ఉంటాయి. అక్కడ చిటికెడు కార్మైన్ పొడి వేస్తే ఎర్రటి రేణువులు గీతల మీద ఒకే దారి పట్టుకుని, ఒకే దిక్కుకి నడుస్తాయి. ఇంకాసేపు చూస్తే ఆ మొప్ప ముక్కే స్లైడు మీద మెల్లిగా పాకడం మొదలెడుతుంది. ప్రాణి నుంచి వేరుపడి గంటలు గడిచినా దాని పని అది మానదు. ఆడపిల్లలు కొందరు "అమ్మో, బతికే ఉంది మేడమ్!" అని వెనక్కి జరిగేవారు. నాకు ఏటా ఆ పీరియడ్ కోసమే కాలేజీకి వెళ్లాలనిపించేది.

ఆ శైలికలన్నీ ఒకే పని చెయ్యవు. గీతల పక్కన ఉన్నవి నీటిని లోపలికి తోస్తాయి. మూలన ఉన్నవి నీటిలోని రేణువుల్ని ఆపేస్తాయి. ముందు వైపువి, ఆగిన రేణువుల్ని జిగురులో చుట్టి మొప్ప అంచునున్న గాడిలోకి, అక్కడి నుంచి నోటి దిక్కుకి సాగనంపుతాయి. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, మస్సెల్ అనే సముద్రపు గుల్ల 4 మైక్రాన్ల రేణువుని కూడా దాదాపు వదలదు. విడివిడిగా తిరిగే బ్యాక్టీరియా అంతకంటే చిన్నవి కాబట్టి చాలామటుకు తప్పించుకుంటాయి. మట్టి రేణువునో, చచ్చిన నాచునో అంటుకుని ఉంటే మాత్రం దొరికిపోతాయి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తినే దగ్గర మళ్లీ పనికొస్తుంది.

నోటి దగ్గరికి చేరిందంతా మింగెయ్యదు. నోటికి ఇరుపక్కలా మెత్తటి మడతలున్నాయి. అక్కడ ఎంపిక జరుగుతుంది. నాచు కణం లోపలికి, ఇసుక బయటికి. వద్దనుకున్నదాన్ని జిగురు ముద్దలుగా చేసి, చిప్పలు ఒక్కసారి చప్పున మూసి నీటితో పాటు బయటికి నెట్టేస్తుంది. కడుపులో మరో వింత. జిగటగా, గాజులా కనిపించే ఒక కడ్డీ ఉంటుంది, పాఠ్యపుస్తకాల్లో స్ఫటిక దండం అంటారు. అది కవ్వంలా గిర్రున తిరుగుతూ, జిగురు తాళ్లతో వచ్చిన మేతని లోపలికి లాగి కలుపుతుంది. తిరిగే కొద్దీ అరుగుతూ, పిండిపదార్థాన్ని జీర్ణం చేసే రసాన్ని విడుస్తుంది. అరిగినంత వెనక నుంచి మళ్లీ పెరుగుతుంది. తిరిగే భాగాలున్న జంతువులు సృష్టిలో ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టి చూడండి, వేళ్లు ఎక్కువ ముడవక్కర్లేదు.

ఇప్పుడు వీడియోలోని తొట్టె దగ్గరికి వద్దాం. నీళ్లు తేటపడ్డాయి, నిజమే. కానీ ఆ పచ్చదనం ఎక్కడికి పోయింది? కొంత గుల్ల ఒంట్లోకి. మిగతాది జిగురు ముద్దలుగా, మలంగా తొట్టె అడుగుకి. నీటిలో రోజుల తరబడి తేలాల్సిన రేణువులు ముద్దలైపోయి గబగబా దిగిపోయాయి. ఆ వీడియోల్లో కెమెరా ఎప్పుడూ పైపైనే ఉంటుంది, అడుగుకి దిగదు. అలా దిగిన మురికికి ఏమవుతుందన్నదే అసలు విషయం.

చెరువు మేత, పొలం ఎరువు, ఊరి మురుగు, ఏ దారిన వచ్చినా నీటిని పాడుచేసే పోషకాలు ముఖ్యంగా రెండు, నత్రజని, భాస్వరం. ఇవి నీటిలో కరిగిపోయి ఉంటాయి. కరిగి ఉన్న యూరియానో, ఫాస్ఫేట్‌నో గుల్ల నేరుగా పీల్చుకుని బాగుచెయ్యదు. ముందు సూక్ష్మమైన నాచు వాటిని తిని పెరగాలి. ఆ నాచుని గుల్ల తినాలి. తిన్న నత్రజనిలో ఒక వాటా కండగా, చిప్పగా మారుతుంది. ఒక వాటా అమ్మోనియాగా మళ్లీ అదే నీటిలోకి వచ్చేస్తుంది, దాన్ని నాచు మళ్లీ తింటుంది. మిగిలింది మలంగా బురదలో పడుతుంది.

బురదలో పడ్డ నత్రజనికి ఒక మంచి రాత ఉంది. బురద పై పొరకి గాలి తగులుతూ, కింది పొరకి తగలకుండా ఉంటే, పై పొరలోని బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్ చేస్తాయి, కింది పొరలోవి ఆ నైట్రేట్‌ని మామూలు నత్రజని వాయువుగా మార్చేస్తాయి. అది బుడగలై గాలిలో కలిసిపోతుంది. మనం పీల్చే గాలిలో నాలుగింట మూడొంతులకు పైగా అదే కదా, ఎవరికీ నష్టం లేదు. గుల్లల దిబ్బలున్న చోట ఈ పని మామూలు బురదలో కంటే జోరుగా సాగుతుందని చాలాచోట్ల కొలిచి చూశారు. అయితే గుల్లలు మరీ కిక్కిరిసి, మలం గుట్టలు పడి, అడుగున ఆక్సిజన్ పూర్తిగా పోతే ఈ గొలుసు తెగుతుంది. అమ్మోనియా, కుళ్లిన కోడిగుడ్డు వాసనా మిగులుతాయి. భాస్వరానికైతే గాలిలోకి పోయే దారే లేదు. బురదలో పూడిపోవాలి, లేదా గుల్లతో పాటు ఒడ్డెక్కాలి.

అంటే గుల్ల మురికిని మాయం చెయ్యదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తుంది. ఆ తర్వాత దాన్ని నీటి నుంచి బయటికి తేవలసింది బ్యాక్టీరియా అయినా కావాలి, గుల్లల్ని ఏరుకుపోయే మనిషైనా కావాలి.

అమెరికాలో చెసపీక్ అఖాతం కథ ఈ విషయంలో అందరూ చెప్పుకునేది. మేరీలాండ్, వర్జీనియాల్లో ఉండే మన తెలుగు కుటుంబాలు వేసవి శనివారాలు వెళ్లి కూర్చునే ఒడ్డు అదే. 19వ శతాబ్దం చివర్లో అక్కడ ఆల్చిప్పల్ని ఇనుప పళ్ల వలలతో గోకి గోకి తీశారు. 20వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి రెండు జబ్బులు తగులుకున్నాయి. మిగిలినవి పాత లెక్కలో నూటికి ఒకటి. 1988లో రోజర్ న్యూవెల్ అనే శాస్త్రవేత్త ఒక లెక్క కట్టాడు. 1870కి ముందున్న ఆల్చిప్పలు వేసవిలో ఆ అఖాతం నీళ్లన్నిటినీ మూడు నుంచి ఆరు రోజుల్లో వడకట్టెయ్యగలవు, అప్పటికి మిగిలిన వాటికి దాదాపు ఏడాది పడుతుందన్నాడు. ఈ ఒక్క లెక్క ఎంతమందిని కదిలించిందో చెప్పలేను. పిల్లల పుస్తకాల నుంచి ప్రభుత్వ పథకాల దాకా ఎక్కింది.

ఒక పెద్ద ఆల్చిప్ప రోజుకి 50 గ్యాలన్లు, అంటే 190 లీటర్ల నీటిని వడకడుతుందన్న మాట కూడా అక్కడి నుంచే ప్రపంచమంతా తిరుగుతోంది. నాకు ఆ అంకె మీద గౌరవం ఉంది గానీ, దాన్ని వాడే తీరు మీద లేదు. అది మంచి ఎండాకాలంలో, మంచి ఉప్పదనంలో, బాగా ఎదిగిన ఆల్చిప్ప చెయ్యగలిగిన గరిష్ఠం. చలికాలంలో అది చిప్పలు బిగించుకుని ఊరికే ఉంటుంది. ఏడాది సగటు తీస్తే అంతకంటే ఎంతో తక్కువ వస్తుంది. 2006లో పొమరాయ్ మరికొందరు శాస్త్రవేత్తలతో కలిసి అడిగిన ప్రశ్న కూడా ఇదే. చెసపీక్‌లో నాచు విపరీతంగా పెరిగేది వసంతకాలంలో, నీళ్లింకా చల్లగా ఉన్నప్పుడు. అప్పుడు ఆల్చిప్పలు సరిగా మేత తీసుకోవు. మరి అవి ఆ నాచుని ఎలా ఆపుతాయి? న్యాయమైన ప్రశ్నే.

అయినా అక్కడివాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. హారిస్ క్రీక్ అనే చిన్న పాయలో సుమారు 350 ఎకరాల మేర ఆల్చిప్పల దిబ్బలు మళ్లీ కట్టారు. వందల కోట్ల పిల్లల్ని వదిలారు. ఆ పాయ నీటిని ఆ ఆల్చిప్పలు వేసవిలో పది రోజుల లోపే ఒక చుట్టు వడకట్టగలవని తర్వాత అంచనా వేశారు. అఖాతం మొత్తాన్ని బాగుచెయ్యలేకపోయినా ఒక పాయని చెయ్యగలం అన్నమాట. 2016లో ఇంకో అడుగు వేశారు. పెంచి, కోసి, అమ్మిన ఆల్చిప్పల మాంసంలో ఎంత నత్రజని, ఎంత భాస్వరం ఉందో లెక్కించి, దాన్ని నీటి శుద్ధి ఖాతాలో జమ వేసుకోవచ్చని నిపుణుల కమిటీ ఒప్పుకుంది. ఒడ్డెక్కినదే లెక్కకి వస్తుంది. నాకు నచ్చింది ఈ పద్ధతి.

ఒక జీవి నీళ్లు తేటపరిస్తే అంతా మంచే జరుగుతుందా అంటే, అదీ కాదు. అదే అమెరికాలో, కెనడా సరిహద్దులోని పెద్ద సరస్సుల్లోకి 1980ల్లో యూరప్ వైపు నుంచి ఓడల అడుగున నింపుకున్న నీళ్లతో జీబ్రా మస్సెల్ అనే చారల గుల్ల వచ్చిపడింది. 1988లో తొలిసారి కనిపెట్టారు. కొన్నేళ్లలోనే ఈరీ సరస్సు నీళ్లు ఎన్నడూ లేనంత తేటపడ్డాయి. జనం మురిసిపోయారు. తర్వాత తెలిసింది, చేపపిల్లల నోటి దగ్గరి మేతని కూడా ఇవే తినేస్తున్నాయని. పైగా వీటికి ఎంపిక ఉందని చెప్పాను కదా, మైక్రోసిస్టిస్ అనే విషపు నీలి నాచుని నోట్లో పెట్టుకోకుండా ఉమ్మేస్తాయి, మంచి నాచుని తింటాయి. పోటీ లేని విషపు నాచుకి ఇంకేం కావాలి? పొలాల నుంచి వచ్చే భాస్వరం ఎటూ ఉంది. 2014 ఆగస్టులో ఈరీ నీళ్లు తాగే టోలెడో నగరంలో కుళాయి నీళ్లు తాగొద్దని హెచ్చరించాల్సి వచ్చింది. సుమారు ఐదు లక్షల మంది రెండు మూడు రోజులు సీసా నీళ్ల కోసం వరసల్లో నిలబడ్డారు. నేరం ఎక్కువగా భాస్వరానిదే, గుల్లలు దానికి తోడయ్యాయి. అందుకే ఎక్కడెక్కడి జాతులనో తెచ్చి మన ఉప్పుటేళ్లలో వేద్దాం అనేవాళ్లని చూస్తే నాకు భయం. కేరళలో అష్టముడి సరస్సులో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చిన్న మస్సెల్ ఇప్పటికే పాతుకుపోయి, అక్కడి పాత గుల్లల చోటు ఆక్రమిస్తోంది.

గుల్లకి మరో గుణం ఉంది. నచ్చని నీళ్లొస్తే టక్కున మూసుకుంటుంది. పోలండ్ రాజధాని వార్సాలో ఈ గుణాన్నే కొలువులో పెట్టుకున్నారు. విస్తులా నది నుంచి నగరానికి తాగునీరు తోడే చోట, ఎనిమిది ఆల్చిప్పల్ని చిప్పలకి సెన్సార్లు అంటించి కూర్చోబెట్టారు. ఒకటి మూసుకుంటే దానికేదో ఇబ్బంది అనుకోవచ్చు. నాలుగైదు ఒకేసారి మూసుకున్నాయంటే నీటిలో విషమున్నట్టే, గంట మోగుతుంది. కొన్ని నెలలు డ్యూటీ చేయించుకుని వాటిని మళ్లీ సరస్సులో వదిలేస్తారు. రిటైర్‌మెంట్ సవ్యంగా ఇచ్చే ఉద్యోగం ఇదొక్కటేనేమో!

కానీ మూసుకునేంత ఘాటుగా లేని విషాల్ని అది రోజూ కొద్ది కొద్దిగా ఒంట్లో దాచుకుంటుంది. కాడ్మియం, సీసం, పాదరసం లాంటివి నీటిలో ఉన్నదానికి ఎన్నో రెట్లు దాని కండలో పోగవుతాయి. 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ ఈ సంగతి పట్టుకునే, సముద్రాన్ని పరీక్షించాలంటే నీటిని కాదు, మస్సెల్ కండని పరీక్షించండి అన్నాడు. అమెరికా ప్రభుత్వం 1986లో తన తీరం పొడవునా ఆ పరీక్షే మొదలుపెట్టింది. ఇక మురుగులోని వైరస్‌లు. వైరస్ ఒక్కటే తిరిగితే మొప్ప దాన్ని సరిగా పట్టలేదు. మట్టికో, మలానికో అంటుకుని వస్తే పట్టేసుకుంటుంది. 1988 మొదటి నెలల్లో షాంఘైలో సుమారు మూడు లక్షల మందికి హెపటైటిస్ ఎ కామెర్లు వచ్చాయి. వాళ్లు తిన్నది మన బుడిత గుల్లల చుట్టమే, మురుగు కలిసిన తీరంలో తీసిన ఎర్ర నెత్తురు గుల్ల. వేడి నీళ్లలో అలా ముంచి ఇలా తీసి తినడం అక్కడి అలవాటు. నీటిని శుభ్రం చేసిన గుల్ల, ఆ మురికిని తెచ్చి మన కంచంలో పెట్టింది.

ఇక మా కుర్రాడి బోదె. కాగితం తీసుకుని లెక్క వేశాను, అలవాటు పోదుగా. రొయ్యల మేతలో మాంసకృత్తులు నూటికి 35 అనుకుందాం. మాంసకృత్తుల్లో నత్రజని నూటికి 16. అంటే టన్ను మేతలో 56 కిలోల నత్రజని. పది టన్నుల మేత వేస్తే 560 కిలోలు. అందులో రొయ్య ఒంటికి పట్టేది మూడో వంతు కూడా ఉండదు. 170 కిలోలు పట్టిందనుకుంటే 390 కిలోలు మిగులుతుంది. కొంత చెరువు అడుగు బురదలో ఉండిపోతుంది, కొంత గాలిలోకి పోతుంది. మూడో వంతే బోదెలోకి వచ్చిందనుకుందాం, 130 కిలోలు. చెసపీక్‌లో 2011లో తూచి చూసిన లెక్క ప్రకారం, పది లక్షల ఆల్చిప్పల్ని కోతకి వచ్చేదాకా పెంచి బయటికి తీస్తే, వాటితో పాటు ఒడ్డెక్కే నత్రజని 132 కిలోలు, భాస్వరం 19 కిలోలు. మన జాతి వేరు, ఎదుగుదల వేరు, అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. అయినా పది టన్నుల మేతకి పది లక్షల ఆల్చిప్పలు! బోదె వెడల్పెంత, వాడి ఆశ ఎంత?

అలాగని దారి లేకపోలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో రొయ్యల చెరువుల నీటి మీద 2000 ప్రాంతంలో ప్రయోగాలు చేశారు. ముందు నీటిని ఒక గుంటలో నిలబెట్టి మట్టి తేర్చారు. తేర్చకుండా వదిలితే ఆల్చిప్ప బురద ఉమ్మడంతోనే సరిపెట్టుకుంటుంది, మేత తినదు. తేరిన నీటిని ఆల్చిప్పల మీదుగా పోనిచ్చారు. నాచు, బ్యాక్టీరియా, మడ్డి బాగా తగ్గాయి. కానీ ఆల్చిప్పల విసర్జన వల్ల అమ్మోనియా పెరిగింది. అప్పుడు ఆ నీటిని గ్రాసిలేరియా అనే సముద్రపు పాచి ఉన్న తొట్టెలోకి పంపారు. పాచి అమ్మోనియాని పీల్చేసింది. తేర్చడం, ఆల్చిప్ప, పాచి, ఈ వరసలో. మళ్లీ ఫోన్ చేసి నేను వాడికి చెప్పింది ఇదే. "ముందు చెరువులో పదో వంతు తేర్చే గుంటకి వదులు. చెక్‌ట్రేలో ఎంత మిగిలిందో చూసి మేత వెయ్యి, ఏజెంటు చెప్పినంతా కాదు. బ్లీచింగు కొట్టిన నీళ్లు గుల్లల మీదకి వదలకు, చస్తాయి. వానాకాలంలో మంచినీళ్లు ఎక్కువై ఉప్పదనం పడిపోతే కొన్నాళ్లు మూసుకుని కూర్చుంటాయి, ఆపైన నిలబడవు." కాసేపు ఫోన్లో చప్పుడు లేదు. "మరైతే, మేడమ్ గారూ, గుంటకి వదిలిన చెక్క కౌలు ఎవరిస్తారండి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ కౌలు వాడొక్కడి నెత్తిన వెయ్యడం అన్యాయమని మాత్రం నాకూ అనిపించింది. డ్రెయిన్ అందరిదీ, అఖాతం అందరిదీ.

అఖాతం దగ్గర మనం చేస్తున్నది ఇంకా విచిత్రం. కాకినాడ తీరంలో గుల్లల మాంసం తినేవాళ్లు, కేరళతోనో గోవాతోనో పోలిస్తే, తక్కువే. మన వాళ్లకి కావలసింది చిప్ప. పాటు వేళ నడుంలోతు నీళ్లలో దిగి చేత్తో ఏరి, నావల్లో ఒడ్డుకి చేర్చి, సున్నం బట్టీలకి వేస్తూ వచ్చారు. చచ్చిన చిప్పలే కాదు, బతికున్నవీ పోయేవి. పాత మేడలకి గుల్ల సున్నం ఎంత అందమిచ్చిందో నాకూ తెలుసు, మా అమ్మమ్మగారింటి గోడలు ఇప్పటికీ చల్లగా, నున్నగా ఉన్నాయి. ఇప్పుడు గోడలకి సిమెంటు వచ్చింది. గుల్ల సున్నం రొయ్యల చెరువుల్లో నీళ్లు సర్దడానికి చల్లుతున్నారు. లోపలి నీళ్లు సర్దడం కోసం, బయటి నీళ్లు సర్దే ప్రాణిని కాల్చి పొడి చేసుకుంటున్నాం. ఏరి బతికేవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు, వాళ్లకి దొరికేది కూలి డబ్బులే.

ఆల్చిప్ప పిల్ల రెండు మూడు వారాలు నీటిలో ఈదుతుంది. ఆపైన గట్టి ఆధారం చూసుకుని ఒకసారి అతుక్కుందంటే మళ్లీ కదలదు. దానికి అన్నిటికంటే ఇష్టమైన ఆధారం పాత ఆల్చిప్ప చిప్పే. అందుకే న్యూయార్క్‌లో 2014లో మొదలైన బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్ట్ వాళ్లు హోటళ్లలో తినేసిన చిప్పల్ని పోగుచేసి, ఏడాది పాటు ఆరుబయట ఎండకీ వానకీ వదిలి, పిల్లల్ని అంటించి, మళ్లీ రేవు అడుగున వేస్తున్నారు. 2035కల్లా వంద కోట్లు చెయ్యాలని పంతం. మన దగ్గర అలాంటిది పెట్టడానికి శాస్త్రం కొరత లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు ఆల్చిప్పల్నీ, ఆకుపచ్చ మస్సెల్‌నీ పెంచే పద్ధతులు ఎప్పుడో తయారుచేసి పెట్టారు. ఉప్పుటేళ్లలో బట్టీకి పోయే ఆల్చిప్ప చిప్పల్లో కొంత భాగాన్ని ఏటా తిరిగి నీటిలో వెయ్యాలన్న నియమం ఒక్కటి పెట్టి, దానికయ్యే కూలి ఏరేవాళ్లకే ఇస్తే, నా లెక్కలో అది ఏ శుద్ధి యంత్రం కన్నా చవక. అయితే ముందు ఊళ్ల మురుగు శుద్ధి చెయ్యకుండా వదలడం ఆగాలి. అది ఆగకుండా గుల్లలు వేస్తే, రోగాన్ని చిప్పల్లో పెట్టి నిల్వచేసినట్టే.

చివరగా, గుల్లలు తినే అలవాటున్న ఇళ్లకి ఒక మాట. మురుగు డ్రెయిన్ కలిసే చోట ఏరినవి ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. అమ్మేవాళ్లని ఎక్కడ తీశారో అడగండి, చెప్పకపోతే వదిలెయ్యండి. వండేముందే నోరు తెరిచి, తడితే మూసుకోనివి పారెయ్యండి. పొయ్యి మీద నోరు తెరుచుకోగానే దించెయ్యకండి, అప్పటికి చిప్ప తెరుచుకున్నదే గానీ వైరస్ చావలేదు. లోపలి కండ 90 డిగ్రీల వేడి మీద కనీసం నిమిషంన్నర ఉండాలి, అంటే తెరుచుకున్నాక కూడా మరికొన్ని నిమిషాలు బాగా మరగనివ్వాలి. సీసం, పాదరసం, కొన్ని నాచుల విషాలు మాత్రం ఎంత మరిగించినా పోవు.